తొట్టి బాబు

క్రిస్మస్ ఇంకా పది రోజులుందనగా మా సంఘం కుర్రాళ్ళు ఒక అట్టపెట్టె మోసుకొచ్చి గుడి మెట్ల మీద విప్పారు. ఫోనులో చూసి తెప్పించారట. మరియమ్మ, యోసేపు, ముగ్గురు జ్ఞానులు, రెండు గొర్రెలు, ఒక గాడిద, అందరికంటే అడుగున థర్మకోల్ ముక్కల మధ్య బాల యేసు బొమ్మ. ఎర్రటి బుగ్గలు, బంగారు రంగు జుట్టు, చెరగని చిరునవ్వు. ఎండలో కుర్చీ వేసుకుని కూర్చున్న నా ఒళ్ళో దాన్ని పెట్టి ఎలా ఉందని అడిగారు. తేలిగ్గా ఉందన్నాను.

వాళ్ళలో డిగ్రీ చదువుతున్న అమ్మాయి ఒకతె ఉంది. పక్క ఊరి నాటకంలో నిజం పసిపాపనే పడుకోబెడతారు, మన ఊళ్ళో ఎందుకు పెట్టరు అని అడిగింది. నేను నోరు తెరిచేలోగా ఒక కుర్రాడు జవాబు చెప్పేశాడు.

"పూర్వం ఎట్టేవోరంట. ఎవరో బైబిలమ్మంట, రోగంతో ఉన్న గుంటణ్ణి సలిలో తొట్టిలో ఎట్టి సంపేసిందంట. అప్పణ్ణించి బొమ్మే."

అందరూ అయ్యో అనుకుని, వెంటనే లైట్ల తీగ ఎక్కడ కట్టాలన్న గొడవలో పడ్డారు. నేను బొమ్మ తిరిగిచ్చేసి, ఎండ ఎక్కువైందని చెప్పి ఇంటికి వచ్చేశాను. ఆ గుంటడు నా తమ్ముడు. వాణ్ణి తొట్టిలో పెట్టింది బైబిలమ్మ కాదు, నేను. అరవై దాటినా, పిల్లల ముందు ఆ ఒక్క ముక్క అనలేకపోయాను. నోటితో రానిది చేతితో వస్తుందేమోనని ఇది రాస్తున్నాను.

చోడవరం నుంచి గోవాడ వైపు పోయే రోడ్డుకి ఎడమ పక్కన, చెరకు తోటల మధ్య మా పేట. అప్పట్లో ముప్పై గడపలు, అన్నీ తాటాకు ఇళ్ళే. డిసెంబరు వచ్చిందంటే ఊరంతా తియ్యటి వాసన. ఫ్యాక్టరీకి పోయే చెరకు బళ్ళు రోడ్డు పొడుగునా ఎడ్ల మెడ గంటలు మోగించుకుంటూ పోయేవి. మేం వెనక నుంచి పాకుతూ వెళ్ళి గడ లాగేవాళ్ళం. బండివాడు తిట్లు లంకించుకునేసరికి తోటలో ఉండేవాళ్ళం. ఫ్యాక్టరీకి పోని చెరకు ఊళ్ళోనే గానుగలో ఆడి బెల్లం వండేవారు. మా నాన్న బెల్లం పెనం దగ్గర పనిచేసేవాడు. పాకం పట్టు చూడటంలో ఆయన చెయ్యే చెయ్యి. మేం చిలగడదుంపలు దారానికి కట్టి ఉడుకుతున్న రసంలోకి వదిలేవాళ్ళం. అవి ఉడికి తేనె రంగుకి వచ్చాక తింటే, మూతి కాలినా సరే, వదలబుద్ధయ్యేది కాదు. ఆ రుచి తర్వాత నాకెక్కడా దొరకలేదు, మూతి మాత్రం చాలాసార్లు కాలింది.

మా గుడికి పాస్టరు గారు చోడవరం నుంచి పదిహేను రోజులకోసారి సైకిలు మీద వచ్చేవారు. మిగతా రోజులన్నీ గుడిని నడిపింది బైబిలమ్మ. ఆడవాళ్ళకి బైబిలు చదివి వినిపించడానికి, పిల్లలకి ఆదివారం పాఠం చెప్పడానికి మిషను వాళ్ళు నియమించిన ఆవిడ. వాళ్ళు పెట్టిన ఉద్యోగం పేరు ఏదైనా, మాకు మాత్రం బైబిలమ్మ గారు. యాభై ఏళ్ళ విధవరాలు. గుడి పక్కన ఒక్క గది, అందులో ఒక రేకు పెట్టె, ఒక నల్ల గొడుగు. కళ్ళజోడు కాడ విరిగితే దారంతో చెవికి కట్టుకునేది. వాక్యం తప్పు చెబితే గొడుగు మొనతో పొట్టలో పొడిచేది, సరిగ్గా చెబితే బెల్లం ముక్క పెట్టేది. మా పేటలో ఏ బిడ్డ పుట్టినా మంత్రసాని తర్వాత ఎత్తుకునేది ఆవిడే.

ఆవిడ వచ్చాకే మా పేటలో తొట్టి బాబు ఆచారం మొదలైంది. ఆ ఏడు పేటలో చివర పుట్టిన బిడ్డని క్రిస్మస్ రోజు తెల్లవారగానే తొట్టిలో పడుకోబెట్టాలి. గుడి ముందు చెరకు ఆకుతో చిన్న పశువుల సాల కట్టేవారు. తొట్టి మాత్రం నిజమైనది కావాలని ఆవిడ పట్టు. ఊళ్ళో నాయుడు గారింటి సాలలో ఎద్దులు మేత మేసే కర్ర తొట్టి ఉండేది. అడిగితే కాదనకుండా ఇచ్చేవారు. తిరిగి ఇచ్చాక మాత్రం నాయుడు గారి భార్య పసుపునీళ్ళతో కడిగించి గానీ ఎద్దులకి మేత వేయించేది కాదట. మా పేట బిడ్డ పడుకున్న తొట్టి కదా. ఆ సంగతి చెప్పి మా అమ్మ మండిపడితే బైబిలమ్మ నవ్వేసింది. యేసయ్యకి ఇలాంటివి పుట్టినప్పటి నుంచీ అలవాటేనంది.

ఒక ఏడు పాస్టరు గారు, పట్నంలో మంచి బొమ్మలు దొరుకుతున్నాయి, చలిలో పసిపిల్లల్ని పెట్టడం దేనికి అన్నారు. ఆరోజు ఆవిడ అందరి ముందూ చెప్పిన మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"దేవుడు బొమ్మగా వచ్చేడేటి అయ్యగారూ? ఒళ్ళు తొడుక్కుని వచ్చేడు. ఆకలేసింది, సలేసింది, గుడ్డ తడుపుకున్నాడు. ఏడిసేడు కూడాను. ఏడవని గుంటడు దేవుడెలాగవుతాడు, బొమ్మవుతాడు గానీ."

దేవుడికి అన్నీ ముందే తెలుసు కదమ్మా అన్నారు పాస్టరు గారు. చలి గురించి తెలియడం వేరు, జలుబు చెయ్యడం వేరు అందావిడ. మనల్ని పుట్టించిన వాడికి మన బతుకు ఎలా ఉంటుందో మన ఒంట్లో దూరితే తప్ప తెలియదని, అందుకే దూరాడని ఆవిడ లెక్క. చదువుకున్న వాళ్ళు ఈ మాటకి ఏమంటారో నాకు తెలియదు. మా పేట వాళ్ళకి మాత్రం ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేదు. తొట్టిలో బిడ్డ పడుకోగానే అందరూ ఏడుపు కోసం చెవులు రిక్కించేవారు. ఏడిచాడా, పాట ఎత్తుకునేవారు. ఒక ఏడు బిడ్డ ఎంతకీ ఏడవకుండా నిద్రపోతే, పాస్టరు గారితో సహా అందరూ నిలబడే ఉన్నారు. చివరికి వాడి తల్లే పాదం మీద చిన్నగా గిల్లింది.

తొట్టిలో పడుకున్న బిడ్డని ఏడాదంతా తొట్టి బాబు అనేవారు. ఆడపిల్ల అయినా తొట్టి బాబే. బెల్లం దిగిన రోజున మొదటి ఉండ వాళ్ళింటికే పోయేది.

నేను ఆదివారం బడిలో వేళ్ళు మడిచి లెక్కలు వేసే రకం. పదకొండు క్రిస్మస్‌లకి పదకొండుమంది తొట్టి బాబులు. ఒక్కడూ చనిపోలేదు. పేటలో పసిపిల్లలు ఏటా పోతూనే ఉండేవారు. మా అమ్మకే నా తర్వాత ఇద్దరు పోయారు. కానీ తొట్టిలో పడుకున్న వాళ్ళు మాత్రం అందరూ వీధిలో నా కళ్ళ ముందే తిరుగుతున్నారు. యేసు ముప్పై మూడేళ్ళు బతికాడని బైబిలమ్మే చెప్పింది. అంటే దేవుడు ఆ ఒంట్లో దూరాడు కాబట్టి, తొట్టిలో పడుకున్న వాడికి ముప్పై మూడేళ్ళ వరకూ ఢోకా లేదని నేను తేల్చుకున్నాను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, అందరికీ తెలిసే ఉంటుందనుకున్నాను. ఆవిడ జబ్బుపడ్డ బిడ్డని ఎప్పుడూ తొట్టిలో పెట్టేది కాదని, బతికి బట్టకట్టేలా ఉన్నవాళ్ళనే ఎంచుకునేదని నర్సు చదువు చదివాక గానీ నా బుర్రకి ఎక్కలేదు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు తమ్ముడు పుట్టాడు. నవంబరు వానల్లో పుట్టాడు. ఆ ఏటికి పేటలో వాడే చివరివాడు. ఇద్దరు పోయాక పుట్టినవాడు కావడంతో అమ్మ వాణ్ణి కింద పెట్టేది కాదు. తొట్టి బాబు మన ఇంటి వాడేనని నాన్న గానుగ దగ్గర అందరికీ చెప్పుకున్నాడు. అమ్మ తన మెత్తటి తెల్ల పాత చీర చింపి పొత్తిగుడ్డలు చేసి, ఉతికి, వేపాకు వేసి పెట్టెలో దాచింది. నేను రోజుకోసారి పెట్టె తెరిచి అవి ఉన్నాయో లేదో చూసేదాన్ని. వేపాకు రాలిపోతోందని అమ్మ చేతిలో దెబ్బలు కూడా తిన్నాను.

క్రిస్మస్‌కి వారం ముందు వాడికి దగ్గు పట్టుకుంది. మూడో రోజుకి డొక్కలు ఎగరేయడం మొదలుపెట్టాడు. చోడవరం నుంచి కంపౌండరు వచ్చి సూది వేసి, చలి తగలనివ్వకండి, మిగతాది దేవుడి మీద భారం వెయ్యండి అని వెళ్ళిపోయాడు. అమ్మ కుంపటి ముందు కూర్చుని, వాము గుడ్డలో మూటగట్టి వెచ్చచేసి రొమ్మున కాపడం పెడుతూనే ఉండేది. ఇల్లంతా వాము, ఆముదం, పాలు కలిసిన వాసన. వాడు పాలు తాగలేక వదిలేసినప్పుడల్లా అమ్మ నా వైపు చూసేది. నేనేం చెయ్యగలను?

పండగ ముందు రోజు మధ్యాహ్నం బైబిలమ్మ వచ్చి వాణ్ణి చాలాసేపు ఒళ్ళో పెట్టుకుంది. ఈ ఏడు వీడిని తొట్టిలో పెట్టొద్దని అమ్మతో చెప్పింది. వీధి చివరింట్లో మూడు నెలల ఆడపిల్ల ఉంది, ఆ పిల్లని పెడదామంది. అమ్మ తల ఊపింది. ఊపుతూనే ఏడ్చింది. నేను మూల కూర్చుని లెక్క వేసుకున్నాను. తొట్టి ఎవరికి అవసరమో వాడిని వదిలేసి, బొద్దుగా ఉన్న పిల్లని పెట్టడమేమిటి? ముప్పై మూడేళ్ళు ఆ పిల్లకి పోతాయి. మా వాడికి ఏమీ ఉండదు.

క్రిస్మస్ రోజు వెలుగు రేకలు వస్తుండగా మెలకువ వచ్చింది. గానుగలో పెనం దించే పని మిగిలిందని నాన్న ఇంకా రాలేదు. మూడు రాత్రులు కంటి మీద కునుకు లేని అమ్మ గోడకి చేరగిలబడి, వాణ్ణి ఒళ్ళో ఉంచుకునే నిద్రపోయింది. పాటలు పాడే వాళ్ళు ఊరికి అవతలి చివర ఉన్నారు. డప్పు చప్పుడు మంచులోంచి మెల్లగా వినిపిస్తోంది. వాళ్ళు వచ్చేసరికి తొట్టిలో మావాడు ఉంటే, ఉన్నవాణ్ణి ఎవరూ తియ్యరని నా ధైర్యం. పెట్టె తెరిచి పొత్తిగుడ్డలు తీసుకున్నాను. అమ్మ చేతుల్లోంచి వాణ్ణి మెల్లగా జరిపి ఎత్తుకున్నాను. అమ్మ కదల్లేదు. అలా కదలకపోవడాన్ని అమ్మ జీవితమంతా క్షమించుకోలేదు.

ఇంటి నుంచి గుడికి నూరు అడుగులు కూడా ఉండవు. పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే సాల దగ్గరికి వెళ్ళేదాకా సాల కనపడలేదు. చెరకు ఆకుల చివర్ల నుంచి నీళ్ళు కారుతున్నాయి. తొట్టిలోని ఎండుగడ్డి కూడా తడిగా ఉంది. వాణ్ణి నాన్న గొంగళిలో చుట్టి తెచ్చాను. ఆ గొంగళి విప్పేశాను. ఏ తొట్టి బాబూ గొంగళిలో పడుకోలేదు మరి. పొత్తిగుడ్డలే ఉండాలి, తెల్లవే ఉండాలి. ఏ ఒక్కటి తేడా వచ్చినా దేవుడు రాడేమోనని నా భయం. వాణ్ణి ఆ పలచటి గుడ్డలో నాకు వచ్చినట్టు చుట్టి, గడ్డిలో పడుకోబెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాను.

కాసేపు వాడు ఏడవలేదు. నాకు కంగారు పట్టుకుంది. తర్వాత ఏడ్చాడు. గొంతు లేదు, పిల్లి కూన కూతలా సన్నగా వచ్చింది. నాకు ఎంత సంతోషం వేసిందో ఇప్పుడు చెప్పాలంటే సిగ్గుగా ఉంది. వచ్చేశాడు, దూరాడు అనుకున్నాను. వాడు ఏడుస్తున్న కొద్దీ నా భయం తగ్గింది. వాణ్ణి ఎత్తుకోలేదు. నాకు వచ్చిన పాట పాడుతూ నిలబడ్డాను. నర్సునై పసిపిల్లల వార్డులో పనిచేసిన రోజుల్లో ఆ సమయం ఎంత ఉండి ఉంటుందోనని పదే పదే లెక్కవేసుకునేదాన్ని. పది నిమిషాలు, మహా అయితే పావుగంట. డొక్కలు ఎగరేస్తున్న నెల పిల్లాడికి తడి గడ్డిలో పావుగంట అంటే ఏమిటో నాకంటే బాగా ఎవరికి తెలుసు?

ఆ ఏడుపు విని గదిలోంచి బైబిలమ్మ పరిగెత్తుకొచ్చింది. అప్పుడే స్నానం చేసినట్టుంది, తడి జుట్టు వీపు మీద పడి ఉంది. తొట్టిలోకి వంగి చూసింది. వాణ్ణి తీసి, తడి గుడ్డ పారేసి, తన రొమ్ముకి ఆనించుకుని పైన చీర కొంగంతా చుట్టుకుంది. గొంగళి ఇమ్మంటే ఇచ్చాను. ఎవరు తెచ్చారని అడిగింది. నేనేనన్నాను. ముప్పై మూడేళ్ళ సంగతి కూడా చెప్పాను, మెచ్చుకుంటుందనుకుని. ఆవిడ నా మొహం వైపు చూసిన చూపు నాకు ఆ వయసులో అర్థం కాలేదు. అంత భయపడిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

అప్పటికే అమ్మ మేలుకుని వీధిలోకి వచ్చేసింది. కేకలు పెడుతూ, జుట్టు విరబోసుకుని, కాళ్ళకి బురదతో వచ్చింది. వెనకాలే నలుగురు ఆడవాళ్ళు. ఎవరు తెచ్చారు, నా బిడ్డని ఎవరు తెచ్చారు అని అమ్మ అరుస్తోంది. బైబిలమ్మ నన్ను తన వెనక్కి జరిపింది.

"నేనే తెమ్మన్నాను," అంది. "నేనే తొట్టిలో ఎట్టేను. దీనికేటీ తెల్దు."

అమ్మ ఆవిడ చేతుల్లోంచి వాణ్ణి లాక్కుంది. రెండో చేత్తో ఆవిడ చెంప మీద కొట్టింది. దారం తెగి కళ్ళజోడు గడ్డిలో పడింది. నేను అక్కడే ఉన్నాను. నా నోరు తెరుచుకోలేదు.

మర్నాడు మధ్యాహ్నం తమ్ముడు పోయాడు. నాన్న ఎవరినీ ముట్టుకోనివ్వకుండా, గొంగళితో సహా తన చేతుల మీదే మోసుకుని వెళ్ళాడు. ఇంట్లో పండగకని చేసిన అరిసెలు, పొంగడాలు డబ్బాలోనే బూజు పట్టాయి. నాయుడు గారి భార్య తొట్టి కోసం మనిషిని పంపలేదు, తనే వచ్చి, మా గుమ్మంలో నిలబడి ఏడ్చి వెళ్ళింది. ఆ ఏడు పసుపునీళ్ళతో కడిగించలేదట.

బైబిలమ్మ మాత్రం ఊరికి కానిదైపోయింది. పెడదామన్న ఆడపిల్ల తల్లి, నా బిడ్డ తృటిలో తప్పించుకుందని వీధి వీధికీ తిరిగి చెప్పింది. పేటలో ఒక్కరు కూడా ఆవిణ్ణి ఇంట్లోకి రమ్మనలేదు. అంతవరకు వంతులవారీగా ఆవిడకి భోజనం పంపేవారు, అదీ మానేశారు. పెద్దలు పట్నంలోని మిషను వాళ్ళకి చెప్పి, ఆవిణ్ణి ఇంకెక్కడికైనా పంపెయ్యమన్నారు. పాస్టరు గారు వచ్చి, మీరే పెట్టారా అని నా ముందే అడిగితే, నేనే అని మళ్ళీ అంది. ఆ ముసలి ప్రాణం నా కోసం రెండుసార్లు అబద్ధం ఆడింది. వాక్యంలో ఒక్క మాట తప్పితే గొడుగుతో పొడిచే మనిషి.

నెల తిరగకుండానే ఆవిడ వెళ్ళిపోయింది. రోడ్డు మీద చోడవరం బస్సు కోసం రేకు పెట్టె మీద కూర్చుని ఉందని తెలిసి, బడి ఎగ్గొట్టి వెళ్ళాను. చెరకు బళ్ళు పోతున్నాయి. నాకు గడ లాగాలనిపించలేదు. ఆవిడ నన్ను చూసి పక్కకి జరిగి పెట్టె మీద చోటిచ్చింది. ఎందుకలా చెప్పారని అడిగాను.

"నువ్వు తొమ్మిదేళ్ళ గుంటవి," అంది. "ఇంకా ఈళ్ళ మద్దినే బతకాల. తమ్ముణ్ణి సంపిందని ఒకసారి అన్నారంటే నీకు పెళ్ళయ్యేదాకా అంటారు, అయ్యేక కూడా అంటారు. ఏడిస్తేనే దేవుడని నేర్పింది నేనే. నేర్పినదాన్ని నేనున్నాను గదా."

నేను ఏడుస్తుంటే కొంగుతో నా ముక్కు తుడిచింది. దేవుడు మనలా పుట్టాడంటే మన ఆకలి, మన చలి పంచుకోవడమే కాదు, మన మీద పడాల్సిన మాట కూడా తన మీద వేసుకున్నాడని, అది చెప్పడం తేలికే గానీ పడటం ఇంత కష్టమని తనకీ ఇప్పుడే తెలిసిందని అంది. చివరికి బస్సు వస్తుండగా ఒక్కటే అడిగింది.

"పెద్దయ్యేక మీ అమ్మకి మాత్రం సెప్పు. నాకోసం కాదు. నీకోసం."

నేను పెద్దదాన్నయ్యాను. పదహారేళ్ళప్పుడు చెబుదామనుకున్నాను. నర్సు ట్రైనింగుకి విశాఖపట్నం వెళ్ళేటప్పుడు చెబుదామనుకున్నాను. ఆ ఊళ్ళోనే దిక్కులేని ఆడవాళ్ళ ఆశ్రమంలో బైబిలమ్మ ఉందని తెలిసింది. మా హాస్టలు నుంచి ఒక్క బస్సు. మూడేళ్ళలో ఒక్కసారి కూడా వెళ్ళలేదు. అమ్మకి చెప్పావా అని అడుగుతుందని భయం. ఒక ఎండాకాలం ఆవిడ పోయిందని తెలిసింది, అప్పటికి సమాధి చేసి కూడా నెల దాటింది. పెళ్ళయ్యాక చెబుదామనుకున్నాను, పిల్లలు పుట్టాక చెబుదామనుకున్నాను, నాన్న పోయాక ఇంకెందుకులే అనుకున్నాను. ఎవరైనా బైబిలమ్మ పేరెత్తితే అమ్మ అక్కడి నుంచి లేచిపోయేది. ఆవిడ నేర్పిన పాట ఏది గుడిలో పాడినా అమ్మ పెదవి కదిపేది కాదు. నలభై ఏళ్ళకు పైగా ఒక తప్పు లేని మనిషిని అమ్మ రోజూ ద్వేషించింది, నేను పక్కనే కూర్చుని అన్నం కలుపుకు తిన్నాను.

అమ్మకి ఎనభై దాటాక, మంచం పట్టిన ఎండాకాలంలో చెప్పాను. ఉదయం గంజి తాగించి, మూతి తుడిచి, గ్లాసు కింద పెట్టి చెప్పాను. ఎలా తీసుకెళ్ళానో, గొంగళి ఎందుకు విప్పానో, ఎవరు అబద్ధమాడారో అన్నీ చెప్పాను. అమ్మ కళ్ళు మూసుకుని విన్నది. తిడుతుందనుకున్నాను, కొట్టినా బాగుండుననుకున్నాను. తర్వాత ఒక్క మాట అడిగింది.

"ఏడిసేడా?"

"ఏడిసేడమ్మా. నాను ఎత్తుకోలేదు."

అమ్మ చెయ్యి చాపి, మంచం పట్టె మీద ఉన్న నా చేతిని వెతుక్కుని పట్టుకుంది. వదల్లేదు. నువ్వు చిన్న గుంటవే, నీకేం తెలుసు అంది. నేను ఏడుస్తూ అమ్మ ఒళ్ళో తల పెట్టుకున్నాను. ఇక అయిపోయిందనుకున్నాను, ఇంత తేలికైన దానికా ఇన్నేళ్ళు చచ్చాను అని కూడా అనుకున్నాను. అప్పుడు అమ్మ నాకు తెలియని సంగతి చెప్పింది.

"ఎల్లే ముందు రోజు ఆవిడ మనింటికి వచ్చిందే. గుమ్మం అవతల నిలబడింది. నాను మొగం మీదే తలుపేసేసేను. నిజం సెప్పుకుందామన్నా అప్పుడైనా సెప్పుకోవచ్చు గదా. ఒక్క మాటనలేదు. సేనాసేపు అలాగే నిలబడిందే. సందులోంచి ఆవిడ కాళ్ళు కనపడతానే ఉన్నాయి."

ఆ రోజు నుంచి అమ్మ పగలు తలుపు వెయ్యనిచ్చేది కాదు. వడగాలి కొడుతోంది, దుమ్ము వస్తోంది, కుక్కలు దూరుతున్నాయి అని నేను వేస్తే, తీసెయ్యవే అని గొణిగేది. మంచం గుమ్మానికి ఎదురుగా వేయించుకుంది. వీధిలో అడుగుల చప్పుడైతే తల ఎత్తి చూసేది. ఎవరొస్తారమ్మా అని నేను ఎప్పుడూ అడగలేదు, నాకు తెలుసు కాబట్టి. పిల్లాడి విషయంలో నన్ను క్షమించింది. బైబిలమ్మ విషయంలో అమ్మని క్షమించగలిగింది ఆవిడ ఒక్కతే, ఆవిడ బతికుండగా నేను అమ్మ దగ్గరికి తీసుకురాలేదు. నెల్లాళ్ళు అమ్మ అలా చూసింది. పోయిన రోజు మధ్యాహ్నం కూడా తలుపు బార్లా తెరిచే ఉంది.